ఒంటి డ్రైవర్ హార్న్ స్పీకర్లు ఇంట్లో పెట్టుకోవాలా వద్దా: ఏ గదికి ఏది, ఎవరికి ఏది

ఒకే ఒక్క కోన్, అంటే ధ్వని పలికించే గరాటు (అయస్కాంతంతో సహా దాన్నే డ్రైవర్ అంటారు). స్వరాల్ని పంచిపెట్టే క్రాసోవర్ లేదు, పై స్వరాలకి వేరే ట్వీటర్ లేదు. కోన్ వెనకాల పెట్టెలో ప్లైవుడ్‌తో మడతలు మడతలుగా కట్టిన రెండు మీటర్ల పైచిలుకు సొరంగం, అదే హార్న్. వెనక ఉంటుంది కాబట్టి బ్యాక్ హార్న్ అంటారు. ఇలాంటి స్పీకర్ల మీద మంచి గొంతు ఒక్కసారి విన్నవాళ్ళని ఆ ధ్యాస అంత తొందరగా వదలదు. నన్నూ వదల్లేదు. విన్న మర్నాటి నుంచే టెన్షన్ మొదలు: పెద్ద హార్న్ చేయించుకోవాలా, చిన్నది చాలా, హార్న్ గొడవ లేకుండా ఒంటి డ్రైవర్‌ని మామూలు పెట్టెలో పెట్టుకుంటే సరిపోదా, అసలు ఇవన్నీ మానేసి మంచి టూ-వే బుక్‌షెల్ఫ్ (బేస్‌కో కోన్, పై స్వరాలకో ట్వీటర్ ఉన్న చిన్న స్పీకర్) కొనుక్కుంటే పోదా?

వీటిలో మూడింటిని ఇంట్లో పెట్టుకుని ఏళ్ళ తరబడి విన్నాను కాబట్టి నా మాట ముందే చెప్పేస్తాను. ఇవి చిన్న సౌండ్‌లో, ఒకే చోట కూర్చుని, మనసు పెట్టి వినేవాళ్ళ స్పీకర్లు. రాత్రి పదింటికి ఇంట్లో అందరూ పడుకున్నాక వీణ పెట్టుకుని వినేవాళ్ళకి వీటిని మించినవి నాకు తెలియవు. పండక్కి చుట్టాలొచ్చినప్పుడు హాలు దద్దరిల్లాలి అనుకునేవాళ్ళకి మాత్రం ఇవి పనికిరావు.

## ముందు వీటికి జవాబు చెప్పుకోండి

ఎంత సౌండ్‌లో వింటారు? అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే. ఎనిమిది అంగుళాల మంచి హార్న్ డ్రైవర్‌కి ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో 95, 96 డెసిబెల్స్ దాకా పలుకుతుంది. మామూలు బుక్‌షెల్ఫ్ స్పీకర్ అదే వాటుకి 85, 87 దగ్గర ఆగుతుంది. పది డెసిబెల్స్ తేడా అంటే పదింతల పవర్. రెండున్నర మీటర్ల దూరంలో కూర్చుని 75 డెసిబెల్స్‌లో వింటున్నారనుకోండి, ఇంట్లో హాయిగా వినే స్థాయి అది, హార్న్‌కి ఒక వాటులో ఇరవయ్యో వంతు చాలు, బుక్‌షెల్ఫ్‌కి అర వాటు కావాలి. చిన్న సౌండ్‌లో కూడా గొంతు నీరుగారిపోకుండా నిండుగా ఉండటం ఈ తేలికపాటి కోన్, బలమైన అయస్కాంతం పుణ్యమే అని నా నమ్మకం.

సౌండ్ పెంచేకొద్దీ లెక్క తిరగబడుతుంది. బేస్ కోసం ముందుకీ వెనక్కీ ఊగేదీ, గొంతు పలికేదీ అదే కోన్. డోలు మోత గట్టిగా వచ్చినప్పుడల్లా దానిమీద ఎక్కిన గొంతు కూడా కొంచెం వణుకుతుంది. హార్న్ తను పనిచేసే మేర కోన్ ఊపుని అదుపులో పెడుతుంది, కానీ ఆ కింది హద్దు దాటి ఇంకా లోతైన బేస్ వస్తే కోన్‌కి పట్టే ఉండదు.

గది ఎంత, మూలలు ఖాళీగా ఉన్నాయా? 50 హెర్ట్జ్ శబ్దతరంగం పొడవు దాదాపు 6.9 మీటర్లు. దాన్ని సరిగ్గా బయటికి పంపే హార్న్‌కి మూతి చుట్టుకొలత కూడా అంత ఉండాలి, అంటే రెండు మీటర్ల పైన వ్యాసం. ఎవరింట్లో పడుతుంది? అందుకే మూల కావాలి. నేలా రెండు గోడలూ కలిసేచోట పెడితే ఆ మూతి వైశాల్యం ఎనిమిదో వంతుకి తగ్గించుకోవచ్చు, సుమారు 70 సెంటీమీటర్లు బై 70. మిగతా హార్న్ పనంతా గోడలే చేస్తాయి. మూలలో బీరువా, ఫ్రిజ్, తలుపు ఉన్నాయంటే పెద్ద హార్న్ ఆలోచన అక్కడే సగం పోయింది.

మన ఫ్లాట్లలో ఇంకో చిక్కుంది. పది అడుగుల వెడల్పు, దాదాపు అంతే ఎత్తు ఉన్న గదులు చాలా ఉంటాయి. పది అడుగులకి గది తనంతట తాను మోగే స్వరం 56 హెర్ట్జ్ దగ్గర పడుతుంది, వెడల్పుదీ ఎత్తుదీ ఒకేచోట కలిసి అక్కడ బేస్ గుమ్మంటుంది. పన్నెండు అడుగుల వైపు 47 దగ్గర. హార్న్ బేస్ ముగిసిపోయేదీ సరిగ్గా ఈ ప్రాంతంలోనే కాబట్టి గది కొన్నిసార్లు సాయం చేస్తుంది, కొన్నిసార్లు ఒకే స్వరాన్ని పట్టుకుని వేధిస్తుంది.

ఏం వింటారు? ఒకటి శ్రుతిలో పాడే గాయకుడి తంబురాలో మంద్ర తీగ దాదాపు 65 హెర్ట్జ్. అక్కడిదాకా దిగే హార్న్ ఉంటే గాత్రం, వీణ, వయొలిన్, వేణువు కచేరీల్లో పెద్దగా పోగొట్టుకునేది లేదు. బేస్ గిటార్ అట్టడుగు తీగ 41 హెర్ట్జ్, కాబట్టి 80ల నుంచి వచ్చిన సినిమా పాటల్లో ఆ నడకే ప్రాణం అనుకునేవాళ్ళు జాగ్రత్తగా ఆలోచించాలి. ఘంటసాల రోజుల మోనో రికార్డింగుల్లో లోతైన బేస్ ఎలాగూ తక్కువ, వాటికి ఇవి అచ్చంగా సరిపోతాయి.

ఎంతమంది వింటారు? ఎనిమిది అంగుళాల కోన్ పై స్వరాల్ని టార్చిలైటు వెలుగులా నేరుగా ముందుకే పంపుతుంది. కుర్చీలోంచి అడుగు పక్కకి జరిగితే తాళం చప్పుడు మసకబారుతుంది. సోఫాలో ముగ్గురు కూర్చుంటే మధ్యలో ఉన్నవాళ్ళకే పూర్తి సంగీతం.

## ఒక్క చూపులో

| ఏది | గది | ఎక్కడ మెరుస్తుంది | ఏం వదులుకోవాలి | ఎలాంటి ఆంప్ (ఆంప్లిఫైయర్) |
|---|---|---|---|---|
| 8 అంగుళాల బ్యాక్ హార్న్ | 12×16 అడుగులు, ఆ పైన. ఖాళీ మూలలు | గొంతు, వయొలిన్, చిన్న సౌండ్‌లో నిండుదనం | చోటు, లోతైన బేస్, పక్కన కూర్చున్నవాళ్ళు | 2–8 వాట్ల ట్యూబ్ (పాతకాలపు వాల్వ్) |
| 4–5 అంగుళాల బ్యాక్ హార్న్ | 10×12 చాలు | దగ్గర నుంచి వినడం, వేదిక కళ్ళముందు నిలవడం | పెద్ద సౌండ్, మృదంగం బరువు | 5–20 వాట్లు, ఏదైనా మంచిది |
| ఒంటి డ్రైవర్ సాదా పెట్టె, సబ్‌వూఫర్ (లోతైన బేస్‌కి వేరే పెట్టె) | ఏదైనా | సుళువు, సర్దుబాటు | హార్న్ ఊపిరి | 20–50 వాట్లు |
| కోయాక్సియల్ (బేస్ కోన్ నడుమనే ట్వీటర్) | 12×14, ఆ పైన | ఒకే బిందువు నుంచి ధ్వని, బేస్ కూడా | ఖర్చు, క్రాసోవర్ లేనితనం | 10 వాట్ల పైన |
| మామూలు టూ-వే | ఏదైనా | అన్నీ సమంగా, అందరికీ | చిన్న సౌండ్‌లో ప్రాణం | 40 వాట్ల పైన |

గది కొలతలు నా అనుభవంతో వేసుకున్నవి. రెండడుగులు అటూ ఇటూ అయినా కంగారుపడక్కర్లేదు.

## పెద్ద బ్యాక్ హార్న్

ఈ వంశానికి మూలపురుషుడు ఇంగ్లండ్ ఇంజనీరు పాల్ వాయిట్. 1930లలో ఆంప్‌లకి నాలుగైదు వాట్లు కూడా ఎక్కువే, ఉన్న కొద్ది పవర్‌తో ఇల్లు నింపాలంటే హార్న్ తప్ప దారి లేదు. ఇంటి మూలలో పెట్టుకునే ఆయన డొమెస్టిక్ కార్నర్ హార్న్ ఆ రోజుల్లోనే వచ్చింది. పెద్ద కోన్ మధ్యలో పై స్వరాల కోసం చిన్న కాగితపు కోన్ అతికించే జంట కోన్ పద్ధతీ ఆయనదే, ఆ బాటలోనే లోథర్ డ్రైవర్లు నడిచాయి. జపాన్‌లో ఫాస్టెక్స్ ఎఫ్‌ఈ206 ఈ తరగతిలో చాలామంది ఇళ్ళకి చేరింది.

బాగున్నప్పుడు ఎలా ఉంటుందో ఒక్కటి చెప్తాను. వీణ పెట్టుకున్నప్పుడు తీగ మీటిన చప్పుడు కంటే ముందు గోరు తీగని తాకిన చిన్న టిక్కు వినపడుతుంది. ఎడమచెయ్యి మెట్టు మీద తీగని పక్కకి లాగి గమకం పలికిస్తుంటే స్వరం సన్నబడుతూ పోయి ఎక్కడ ఆగిందో, ఆగాక లోహం మీద వేలు జారిన రాపిడితో సహా తెలుస్తుంది. ఫ్యాన్ ఆపేసి వినాలి, లేకపోతే ఇదంతా గాలిమోతలో కలిసిపోతుంది.

బాధ పెట్టే విషయం కూడా అంతే స్పష్టంగా చెప్పాలి. ఈ డ్రైవర్లు చాలావరకు 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య గొంతెత్తి అరుస్తాయి. మన చెవికి సూక్ష్మంగా వినపడేదీ సరిగ్గా ఆ ప్రాంతమే. నాదస్వరం, పై స్థాయిలో ఆడగొంతు, పాత రికార్డుల్లో హార్మోనియం వచ్చినప్పుడు తల పక్కకి తిప్పుకోవాలనిపిస్తుంది. మందు ఉంది. స్పీకర్ల ముఖం నేరుగా మీవైపు కాకుండా పది పదిహేను డిగ్రీలు పక్కకి తిప్పండి. అదీ చాలకపోతే కాయిల్, రెసిస్టర్, కెపాసిటర్ మూడూ పక్కపక్కన కలిపి డ్రైవర్‌కి వెళ్ళే తీగలో వరసగా పెట్టే చిన్న ఫిల్టర్, లేదా డిజిటల్ ఈక్వలైజర్. డ్రైవర్‌కీ ఆంప్‌కీ మధ్య ఏమీ ఉండకూడదని పట్టుబట్టేవాళ్ళు దీన్ని ఒప్పుకోరు, వాళ్ళ మీద నాకు గౌరవమే, కానీ ఫిల్టర్ పెట్టిన రోజు నుంచే నేను రెండు గంటల కచేరీ పూర్తిగా వినగలుగుతున్నాను.

ఆంప్ విషయంలో ఒక మెలిక. ఈ డ్రైవర్ల అయస్కాంతం బలంగా ఉండి కోన్‌ని గట్టిగా పట్టుకుంటుంది. దానికి తోడు ట్రాన్సిస్టర్ ఆంప్ కూడా బిగించి పట్టుకుంటే బేస్ ఎండిపోయినట్టు వస్తుంది. సింగిల్ ఎండెడ్ ట్యూబ్ ఆంప్ (ఒక్కో స్పీకర్‌కి సాధారణంగా ఒకే పవర్ ట్యూబ్ పనిచేసేది) పట్టు కొంచెం వదులు, అందుకే వీటితో అంత నప్పుతుంది. 2ఏ3 ట్యూబ్‌తో మూడున్నర వాట్లు, 300బీతో ఎనిమిది వాట్ల దాకా వస్తాయి, ఈ స్పీకర్లకి అవి బోలెడు. ట్రాన్సిస్టర్ ఆంప్ ఉన్నవాళ్ళు స్పీకర్ తీగలో రెండు మూడు ఓమ్‌ల పవర్ రెసిస్టర్ వేసి చూడండి, తక్కువ ఖర్చుతో చాలా తెలిసిపోతుంది. ట్యూబ్ ఆంప్ లోపల మూడు నాలుగు వందల ఓల్టులుంటాయి, ప్లగ్గు పీకాక కూడా కొంతసేపు కెపాసిటర్లలో నిలిచే ఉంటాయి. చిన్నపిల్లలున్న ఇంట్లో మూత లేకుండా పెట్టకండి. ఇంకా ఒక సంగతి: ఇంత సున్నితమైన స్పీకర్ ఆంప్‌లో ఉన్న ప్రతి హమ్మునీ బయటపెడుతుంది, ఎర్తింగ్ సరిగా లేని ఇంట్లో అది రోజూ వేధిస్తుంది. స్పీకర్ల కంటే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి ఎర్తింగ్ చూపించుకోండి.

## చిన్న బ్యాక్ హార్న్

అపార్ట్‌మెంట్ బెడ్‌రూమ్‌లో వినేవాళ్ళకి నా ఓటు దీనికే. ఈ దారిని పండించినవాళ్ళు జపాన్ హాబీయిస్టులు. ఆరు తతామీల గది అంటే దాదాపు పది చదరపు మీటర్లు, మన చిన్న బెడ్‌రూమ్ అంతే. అలాంటి గదుల్లో వినేవాళ్ళ కోసం ఆడియో విమర్శకుడు తెత్సువో నగావొకా ఎన్నో బ్యాక్ హార్న్ డిజైన్లు గీశాడు. వంపులు లేకుండా తిన్నగా కోసిన ప్లైవుడ్ ముక్కలతోనే హార్న్ కట్టేయొచ్చు, ఇంటి దగ్గరి కార్పెంటర్ కూడా చెయ్యగల పని. వాటిలో బాగా పేరుపడ్డది స్వాన్. కింద పెట్టె, దానిమీద సన్నటి మెడ, మెడ పైన చిన్న తల, ఆ తలలో పది సెంటీమీటర్ల డ్రైవర్. నిజంగానే హంసలా ఉంటుంది. డ్రైవర్ చుట్టూ వెడల్పు చెక్క లేకపోవడంతో ధ్వని పెట్టెకి అతుక్కోకుండా గాలిలో నిలబడుతుంది. ఒకటిన్నర మీటర్ల దూరంలో కూర్చుని విన్నప్పుడు గాయకుడు మధ్యలో, వయొలిన్ ఒకవైపు, మృదంగం ఇంకోవైపు, ఎవరి చోటు వాళ్ళదే.

సౌండ్ విషయంలో మాత్రం ఆశ తగ్గించుకోవాలి. ఈ సైజు డ్రైవర్లు 89, 90 డెసిబెల్స్ దగ్గర ఉంటాయి, కాబట్టి రెండు వాట్ల ఆంప్ ఇక్కడ ఇరుకు. మృదంగం కుడివైపు చాపు, మీటు కళ్ళకి కట్టినట్టు వస్తాయి. ఎడమవైపు తొప్పి మీద పలికే గుంకీ (గుమ్మనే లోతైన మోత) మాత్రం స్వరం తెలుస్తుంది, బరువు తెలియదు. ఇంకోటి, వెనక ధ్వని రెండున్నర మీటర్ల సొరంగం దాటి రావడానికి దాదాపు ఏడు మిల్లీసెకన్లు ఆలస్యమవుతుంది. కొందరికి ఇది బేస్ కొంచెం వెనకబడ్డట్టు అనిపిస్తుంది. నాకు గాత్రంలో ఎప్పుడూ అనిపించలేదు, వేగంగా నడిచే డప్పులో అప్పుడప్పుడు అనిపించింది.

ప్లై విషయంలో పీనాసితనం వద్దు. 710 మార్కు మెరైన్ ప్లై, 18 ఎం.ఎం., వానాకాలానికీ తట్టుకుంటుంది. అది కూడా చెదలు పట్టకుండా మందు పెట్టినదేనా అని అడిగి తీసుకోండి. ముక్కలు చేత్తో కాకుండా షీట్ కోసే పెద్ద మెషీన్ మీద కోయించండి. నా మొదటి జతలో లోపలి పలక ఒకటి ఎక్కడో బియ్యపుగింజంత పొట్టిగా కోయడంతో అతుకు దగ్గర గాలి తప్పించుకుని ఒక స్వరం దగ్గర మాత్రం జుయ్యిమనేది. కనుక్కోవడానికి రెండు వారాలు పట్టింది. చివరికి 60 హెర్ట్జ్ టోన్ పెట్టి, వెలిగించిన అగరబత్తిని ప్రతి అతుకు వెంబడీ నెమ్మదిగా జరుపుతూ వెళ్ళాను, ఒకచోట పొగ తిన్నగా లేవకుండా వణికింది. చెక్కజిగురు, రంపపుపొడి కలిపి అక్కడ పూడిస్తే పోయింది.

## హార్న్ లేకుండా ఒంటి డ్రైవర్

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, హార్న్ కోసం చేసిన బలమైన అయస్కాంతపు డ్రైవర్‌ని తీసుకెళ్ళి సాదా పెట్టెలో బిగించడం. బేస్ ఉండదు, అరుపు మిగులుతుంది, డ్రైవర్ మంచిది కాదని అమ్మేస్తారు. సాదా పెట్టెకి దానికి తగ్గ డ్రైవరే కావాలి. ఫాస్టెక్స్ ఎఫ్‌ఈ103 లాంటివి, మార్క్ ఆడియో వాళ్ళ లోహపు కోన్ డ్రైవర్లు బేస్ రిఫ్లెక్స్ పెట్టెలో (బేస్ కోసం గాలి రంధ్రం పెట్టినది) బాగా కుదురుతాయి. 80 హెర్ట్జ్ కింది పనిని సబ్‌వూఫర్‌కి అప్పజెప్తే కోన్‌కి బరువు తగ్గి గొంతు ఇంకా తేటపడుతుంది. ఇల్లు తరచూ మారేవాళ్ళకి, అద్దెకుండేవాళ్ళకి ఇదే తెలివైన దారి. హార్న్ పెట్టెలు మూడో అంతస్తు మెట్లెక్కించడం ఎంత కష్టమో ఒకసారి ఎక్కించినవాళ్ళకి తెలుసు.

## కోయాక్సియల్, మామూలు టూ-వే

ఒకే బిందువు నుంచి ధ్వని రావడమే మీకు నచ్చిందా? అయితే టానాయ్ డ్యూయల్ కాన్సెంట్రిక్ తరహా చూడండి, 1947 నుంచి ఉన్న పద్ధతి. వూఫర్ నడుమ నుంచే ట్వీటర్ పలుకుతుంది. పెద్ద సైజు దొరికితే తొప్పి బరువూ ఉంటుంది, పక్కన కూర్చున్నవాళ్ళకీ న్యాయం జరుగుతుంది.

మామూలు టూ-వే గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఇంట్లో టీవీ, సినిమాలు, పిల్లల పాటలు, అన్నీ ఒకే జత మీద నడవాలంటే అదే కొనండి. అందులో తప్పేమీ లేదు. నేను ఏడాదిన్నర దానితో ఉన్నాను, పగలంతా హాయిగా ఉండేది. రాత్రి సౌండ్ తగ్గించగానే గొంతు నాకు దూరంగా వెళ్ళిపోయినట్టుండేది, అందుకే వెనక్కి వచ్చాను.

## ఇంట్లో పెట్టాక

హార్న్ మూతి నేల దగ్గర తెరుచుకుని ఉంటుంది, మన ఇళ్ళలో అది ఖాళీగా ఉండదు. బల్లులు దూరతాయి, కందిరీగ మట్టిగూడు కడుతుంది. మా ఇంట్లో ఒక రబ్బరు బంతి లోపలికి దొర్లిపోయి, ఫలానా స్వరం వచ్చినప్పుడల్లా గడగడలాడేది, డ్రైవర్ విప్పి పెట్టెని తలకిందులు చేస్తే గానీ బయటికి రాలేదు. దోమల కిటికీకి వేసే నైలాన్ మెష్ ఫ్రేముకి కొట్టి మూతికి బిగించండి, బేస్‌లో తేడా నాకేమీ తెలియలేదు. ముందువైపు కాగితపు కోన్ మీద దుమ్ము పడకుండా పాత నూలుపంచె ముక్క కప్పండి. గుడ్డతో తుడవడానికి వెళ్ళకండి, మధ్యలోని చిన్న కోన్ చాలా సున్నితం.

స్పీకర్లు ఎక్కడ పెట్టాలో కనుక్కోవడానికి నేల మీది రెండడుగుల టైల్సే గ్రాఫ్ కాగితం. గీతల్ని లెక్కబెట్టుకుంటూ రెండు స్పీకర్లనీ సమానంగా జరపండి, నచ్చిన చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. టైల్స్ నేల, బోసి గోడలు కలిసి అరుపుని రెట్టింపు చేస్తాయి కాబట్టి ముందు మందపాటి జంపఖానా పరిచి, వెనక గోడకి పుస్తకాల అలమర పెట్టి, ఆ తర్వాతే ఫిల్టర్ గురించి ఆలోచించండి. కొత్త డ్రైవర్ మొదట్లో బిగుసుకుని ఉంటుంది, మొదటి వారం విని తీర్పు చెప్పేయకండి.

కొనేముందు ఎవరింట్లోనైనా వినే అవకాశం దొరికితే మూడు రికార్డింగులు తీసుకెళ్ళండి. ఒంటరి వీణ ఒకటి, తనియావర్తనం (మృదంగం ఒంటరిగా వాయించే భాగం) ఉన్న కచేరీ ఒకటి, బేస్ గిటార్ బాగా నడిచిన సినిమా పాట ఒకటి. మీ ఇంట్లో రాత్రి పదింటికి ఎంత సౌండ్ పెడతారో అంతే పెట్టించండి. వీణతోనే లేవబుద్ధి కాకపోతే చిన్న హార్న్ చాలు, మిగతా రెండూ దానిమీద ఎలా వచ్చినా మీరు సర్దుకుంటారు. తనియావర్తనంలో పది నిమిషాలు గడిచాక కూడా తొప్పి లోటు గుర్తొస్తూనే ఉంటే, మూలలుంటే పెద్ద హార్న్, లేకపోతే కోయాక్సియల్. సినిమా పాట దగ్గర కాలు కదలకపోతే ఇంటికొచ్చి సబ్‌వూఫర్ ఉన్న దారి చూసుకోండి.